యూరప్ ట్రిప్పులో కారు: ఎక్కడ తీసుకోవాలి, ఎక్కడ వదిలేయాలి

"యూరప్ వెళ్తున్నాం. కారు అద్దెకు తీసుకుందామా, రైళ్ళలో తిరుగుదామా?" ఈ ప్రశ్నని ట్రిప్పు మొత్తానికి కలిపి వేసుకున్నంతకాలం జవాబు తేలదు. పారిస్‌లో కారు ఉంటే అది బరువు. ఇటలీలోని టస్కనీ పల్లెల్లో కారు లేకపోతే రోజుకి రెండు మూడు బస్సుల కోసం ఎండలో నిలబడాలి. రెండూ ఒకే ట్రిప్పులో వస్తాయి. అందుకే ఊరి నుంచి ఊరికి, ఒక్కో మజిలీకి విడివిడిగా తేల్చుకోవాలి. అలా లెక్క వేసినప్పుడు చాలా కుటుంబాలకి తేలేది ఒకటే. పెద్ద ఊళ్ళ మధ్య రైలు, మధ్యలో రైలు సరిగ్గా అందని ఒక ప్రాంతంలో మూడు నాలుగు రోజులు మాత్రం కారు.

మనవాళ్ళు ఎక్కువగా వేసుకునే దారినే తీసుకుందాం: పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, పదమూడు రాత్రులు. పారిస్‌లో 3, ఇంటర్‌లాకెన్‌లో 3, ఫ్లోరెన్స్‌లో 2, టస్కనీ పల్లెల్లో 3, రోమ్‌లో 2.

కారు సంగతికి ముందు రెండు విషయాలు తేలాలి. ఒకటి విమానం టికెట్టు. పారిస్‌లో దిగి మళ్ళీ పారిస్ నుంచే ఎక్కేలా రానూపోనూ కొంటే చివర్లో రోమ్ నుంచి వెనక్కి రావడానికి ఒక రోజు, నలుగురి ఛార్జీలు పోతాయి. బుకింగ్ సైట్లలో 'మల్టీ సిటీ' అని ఉంటుంది. హైదరాబాద్ నుంచి పారిస్, రోమ్ నుంచి హైదరాబాద్ అని అందులో వెతకాలి. దుబాయ్, దోహా మీదుగా వెళ్ళే విమానాల్లో ఇలా తీసుకున్నా మామూలు రానూపోనూ ధరకి పెద్ద తేడా రాకపోవడమే ఎక్కువ. ఇక ఈ దారిలో కారు వాడినా వాడకపోయినా వెనక్కి రావాల్సిన పని ఉండదు.

రెండోది వీసా. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే ఇచ్చే షెంగెన్ వీసాకి ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. రోజులు సమానమైతే మొదట అడుగు పెట్టే దేశానికి. పై దారిలో ఇటలీలో ఏడు రాత్రులున్నాయి కాబట్టి దిగేది పారిస్‌లోనైనా దరఖాస్తు ఇటలీకే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి మూడు నెలలు ముందుంటే మంచిది. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆ బీమా కారుకి తగిలే సొట్టలకి పనికిరాదు. ఈ రెండూ వేర్వేరని గుర్తుంచుకోవాలి.

మజిలీ తర్వాత మజిలీ

పారిస్ నుంచి ఇంటర్‌లాకెన్: రోడ్డు మీద 600 కిలోమీటర్ల పైమాటే. ఆగుతూ వెళ్తే రోజంతా పోతుంది. రైల్లో పారిస్ నుంచి బాసెల్‌కి మూడు గంటలు, అక్కడ మారి ఇంటర్‌లాకెన్‌కి రెండు గంటలు. కారు పారిస్‌లో తీసుకుని స్విట్జర్లాండ్‌లోనో ఇటలీలోనో వదిలేస్తే, వేరే దేశంలో వదిలినందుకు వేసే రుసుమే కొన్ని వందల యూరోలు అవుతుంది. ఒక్కోసారి అది అద్దెనే దాటిపోతుంది. ఆ బండిని తిరిగి దాని దేశానికి చేర్చే ఖర్చు మన మీదే పడుతుంది మరి. ఇక్కడ రైలే.

స్విట్జర్లాండ్‌లో: ఇంటర్‌లాకెన్ చుట్టూ చూడాలనుకునే చోట్లలో సగానికి కారు వెళ్ళదు. వెంగెన్, మ్యూరెన్ ఊళ్ళకి కార్లు రావు. లౌటర్‌బ్రున్నెన్‌లో డబ్బు కట్టి కారు నిలిపి, అక్కడి నుంచి రైలో రోప్‌వేనో ఎక్కాలి. జెర్మాట్ కూడా అంతే. టేష్‌లో కారు పెట్టి చివరి పన్నెండు నిమిషాలు రైల్లో పోవాలి. అంటే కారు అద్దె కట్టి, పార్కింగ్ కట్టి, మళ్ళీ రైలు టికెట్టూ కొనడం. దీనికి బదులు స్విస్ ట్రావెల్ పాస్ తీసుకుంటే రైళ్ళు, బస్సులు, సరస్సు మీద పడవలు అన్నీ అందులోనే. తల్లో తండ్రో వెంట ఉంటే పదహారేళ్ళలోపు పిల్లలకి ఫ్యామిలీ కార్డు మీద ఉచితం. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఇదొక్కటే లెక్క మార్చేస్తుంది. మంచు కొండల మీదున్న యుంగ్‌ఫ్రావ్‌యోక్ స్టేషన్‌కి వెళ్ళే రైలు మాత్రం పాస్‌లో రాదు, తగ్గింపు ఉంటుంది. దాన్ని ఖర్చులో విడిగా వేసుకోవాలి.

ఇంటర్‌లాకెన్ నుంచి ఫ్లోరెన్స్: ష్పీట్స్, మిలాన్‌లలో మారుతూ ఆరు గంటలకి కొంచెం పైన. మిలాన్ నుంచి ఫ్లోరెన్స్‌కి హై స్పీడ్ రైల్లో రెండు గంటల లోపే. ఇటలీలో ఈ హై స్పీడ్ రైళ్ళ ధర విమానం టికెట్టులా మారుతుంది. ఫ్లోరెన్స్ నుంచి రోమ్‌కి రెండు నెలల ముందు కొంటే తలకి 20–30 యూరోలకి దొరికేది, ఎక్కే రోజు కొంటే 50 దాటుతుంది. నలుగురికి ఆ తేడా ఒక రోజు కారు అద్దె. "రైలు ఖరీదు, కారు చవక" అనే మాట ఎక్కువగా ఆఖరి రోజు టికెట్టుని ఆరు నెలల ముందు చూసిన కారు ధరతో పోల్చినప్పుడే వస్తుంది.

చాలా దేశాల రైళ్ళకి కలిపి అమ్మే యూరెయిల్ పాస్ కొంటే ఇవన్నీ అందులో వచ్చేస్తాయనుకుంటారు. ఫ్రాన్స్, ఇటలీ హై స్పీడ్ రైళ్ళలో పాస్ ఉన్నా ప్రతి ప్రయాణానికీ సీటు రిజర్వేషన్‌కి విడిగా కట్టాలి. నాలుగైదు పెద్ద ప్రయాణాలే ఉన్న మన దారికి విడి టికెట్లు ముందుగా కొనడమే చవక. జర్మనీ, ఆస్ట్రియాల్లో రోజుకో ఊరు తిరిగేవాళ్ళకి పాస్ కలిసొస్తుంది. ఎందుకంటే అక్కడ చాలా రైళ్ళకి రిజర్వేషన్ అక్కర్లేదు.

ఇటలీలో స్థానిక రైళ్ళకి స్టేషన్లో కాగితం టికెట్టు కొంటే ప్లాట్‌ఫాం దగ్గరున్న చిన్న మెషీన్‌లో పెట్టి తేదీ, సమయం కొట్టించుకున్నాకే ఎక్కాలి. టికెట్టు చేతిలో ఉన్నా ముద్ర లేకపోతే జరిమానా వేస్తారు. ఫోన్‌లో కొన్నదానికి ఈ మెషీన్ అక్కర్లేదు.

కారు నిజంగా పనికొచ్చే చోటు

ఇక టస్కనీ. సియెనాకి దక్షిణాన వాల్ దోర్చా లోయ, పియెంజా, మోంతెపుల్చానో, మోంతాల్చీనో ఊళ్ళు. కొండ మీద ఒక్కో ఊరు, మధ్యలో గోధుమ చేలు, సైప్రస్ చెట్ల బాటలు. రైలు స్టేషన్ లోయ అడుగున ఎక్కడో ఉంటుంది. ఊరికీ ఊరికీ పది పదిహేను కిలోమీటర్లే, కానీ బస్సులు తక్కువ, ఆదివారం మరీ తక్కువ. పొలాల మధ్య పాత రైతు ఇంట్లో వంటగదితో బస దొరుకుతుంది. పిల్లలకి పెరుగన్నం, పప్పు వండుకోవాలనుకునేవాళ్ళకి హోటల్ గది కంటే ఇదే సుఖం. ఆ ఇల్లు మట్టి రోడ్డు చివర ఉంటుంది, అక్కడికి బస్సు రాదు. ఈ మూడు రాత్రులకి కారు తీసుకోవాల్సిందే.

ఎక్కడ తీసుకోవాలన్నదే అసలు సంగతి. ఫ్లోరెన్స్ ఊరి మధ్యలో ఉన్న అద్దె ఆఫీసులు కార్లని నిషేధించిన వీధుల అంచునే ఉంటాయి. బయటికి వచ్చేటప్పుడు ఒక్క మలుపు తప్పితే జరిమానా. ఊళ్ళో ఉన్న రెండు రోజులూ కారు లేకుండా నడిచి తిరిగి, మూడో రోజు పొద్దున ట్రామ్ ఎక్కి ఫ్లోరెన్స్ విమానాశ్రయానికి వెళ్ళాలి. టి2 ట్రామ్‌లో ఇరవై నిమిషాల పైచిలుకు. అక్కడి నుంచి షటిల్ బస్సు అద్దె కార్ల దగ్గరికి చేరుస్తుంది. ఆ చోటు హైవే పక్కనే కాబట్టి ఊళ్ళోకి దూరే పనే లేదు. సియెనా వరకు వెళ్ళే నాలుగు వరసల రోడ్డుకి టోల్ కూడా లేదు.

వదిలేది మళ్ళీ అక్కడే అయితే ధర తక్కువ. లేదా దక్షిణంగా ఓర్వియేతో వరకు వచ్చి స్టేషన్ దగ్గర వదిలి, గంట, గంటంపావులో రోమ్‌కి రైల్లో వెళ్ళొచ్చు. ఇటలీలోపలే ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో వదిలితే అదనంగా పడేది తక్కువే. కానీ చిన్న ఊళ్ళలో ఆఫీసు మధ్యాహ్నం రెండు మూడు గంటలు మూసేస్తారు, శనివారం మధ్యాహ్నం నుంచి, ఆదివారమంతా తెరవరు. బుక్ చేసేటప్పుడు ఆ శాఖ వేళలు చూసి తీరాలి. మూసి ఉన్నప్పుడు తాళం పెట్టెలో వేసి వెళ్తే, మర్నాడు వాళ్ళు వచ్చి చూసేదాకా ఆ కారుకి ఏం జరిగినా మన బాధ్యతే.

ఇలా కారు గెలిచే ప్రాంతాలు ఇంకా ఉన్నాయి. ఫ్రాన్స్‌లో కోల్మార్ చుట్టూ అల్సాస్ పల్లెలు, జూన్ చివరా జూలై మొదట్లో లావెండర్ పూసే వాలెన్సోల్, జర్మనీ బ్లాక్ ఫారెస్ట్, ఇటలీ ఉత్తరాన డోలమైట్ కొండలు, ఐస్‌లాండ్. కుడివైపు నడపడమంటే భయపడేవాళ్ళకి స్కాట్లండ్, ఐర్లాండ్ మంచివి, అక్కడ మనలాగే ఎడమ వైపు నడుపుతారు. కాకపోతే బ్రిటన్, ఐర్లాండ్ షెంగెన్‌లో లేవు, వీసా వేరు. అమాల్ఫీ తీరానికి మాత్రం కారు వద్దు. కొండ అంచున సన్నటి రోడ్డు, ఎదురుగా పెద్ద బస్సులు, నిలుపుదామంటే చోటు ఉండదు. సలెర్నో నుంచి పడవలో వెళ్ళడం హాయి. వెనిస్‌లో కారు పియాజాలే రోమా దగ్గరే ఆగిపోతుంది, తర్వాతంతా నీళ్ళే.

కనిపించే ధర, కట్టే ధర

సైట్‌లో రోజుకి 60 యూరోలని కనిపించింది అనుకుందాం. అద్దె రోజు అంటే 24 గంటలు. పొద్దున పదింటికి తీసుకుని నాలుగో రోజు పదింటికి ఇస్తే మూడు రోజులు. మధ్యాహ్నం రెండింటికి ఇస్తే నాలుగు రోజుల డబ్బు. గంట ఆలస్యానికి రోజు అద్దె కట్టాల్సి వచ్చేది ఇక్కడే. మన ఉదాహరణలో నాలుగు రోజులని వేద్దాం: 240 యూరోలు. పూర్తి బీమాకి రోజుకి 25 చొప్పున 100. పిల్లలిద్దరి సీట్లకి రోజుకి చెరో 10 చొప్పున 80. నాలుగు వందల కిలోమీటర్లకి, వందకి ఆరు లీటర్లు తాగే బండి అయితే 24 లీటర్లు, లీటరు 1.80 అనుకుంటే 43. పార్కింగులు 60, టోల్ 20. మొత్తం 543 యూరోలు. యూరో వంద రూపాయల లెక్కన వేసినా యాభై నాలుగు వేలు. మొదట చూసింది 24 వేలు. దీని మీద మన క్రెడిట్ కార్డు విదేశీ మారకానికి 3.5 శాతం, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ వేస్తే ఇంకో 22 యూరోలు. నిర్ణయం తీసుకోవాల్సింది ఈ మొత్తం చూసి. అప్పుడు కూడా మూడు రాత్రుల పల్లె బసకి కారు సబబే అనిపిస్తుంది. పదమూడు రోజులకి ఇదే లెక్క వేస్తే అనిపించదు.

పిల్లల సీట్లు మానేద్దామనుకోవద్దు. ఇటలీ, జర్మనీల్లో 150 సెంటీమీటర్ల లోపు పిల్లలకి తప్పనిసరి (జర్మనీలో పన్నెండేళ్ళ వరకు). ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం కుదరదు. ఎనిమిదేళ్ళ పిల్లలకి సరిపోయే బూస్టర్ సీటు ఇంటి నుంచి పట్టుకెళ్ళినా పర్వాలేదు, దాని మీద యూరప్ ప్రమాణం ముద్ర ఉంటే చాలు.

బీమాలో మోసపోయేది ఒక్క మాట దగ్గర. అద్దెలో కలిపి ఇచ్చే బీమాకి ఒక హద్దు ఉంటుంది. నష్టంలో మొదటి 1,000 నుంచి 2,000 యూరోల వరకు మనమే భరించాలి. ఆ పైనే వాళ్ళది. టైర్లు, రిమ్ములు, అద్దాలు, బండి అడుగు భాగం, పైకప్పు చాలాసార్లు దాంట్లో ఉండనే ఉండవు. మట్టి రోడ్డు మీద దెబ్బతినేవి సరిగ్గా అవే. కౌంటర్ దగ్గర కొనే పూర్తి బీమాతో మన వాటా సున్నాకో, దగ్గరగానో వస్తుంది, కారు ఇచ్చేటప్పుడు మన కార్డు మీద ఆపి ఉంచే డిపాజిట్ కూడా తగ్గుతుంది. బుకింగ్ సైట్ అమ్మే చవక బీమా వేరు. దెబ్బ తగిలితే ముందు మన కార్డు నుంచి డబ్బు పోతుంది, ఆ తర్వాత కాగితాలు పంపి తిరిగి రాబట్టుకోవాలి, డిపాజిట్ అంతే ఉంటుంది. కౌంటర్ మనిషి "మీ దగ్గర బీమా లేదు" అన్నది దీన్ని చూసే. ఏది తీసుకున్నా పర్వాలేదు, తేడా తెలిసి తీసుకోవాలి. పెట్రోలు బండికి డీజిలు కొట్టించడం చాలా బీమాల్లో రాదు.

కౌంటర్ దగ్గర ఆగిపోయే కుటుంబాలు

ముందే డబ్బు కట్టి, ఫ్లోరెన్స్ దాకా వెళ్ళి, కారు ఇవ్వబోమని అనిపించుకునేవాళ్ళు ఉన్నారు. కట్టిన డబ్బూ చాలాసార్లు తిరిగి రాదు. కారణాలు దాదాపు ఎప్పుడూ ఈ నాలుగే.

మొదటిది ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. ఇటలీ, ఆస్ట్రియా, స్పెయిన్‌లలో మన లైసెన్సుతో పాటు ఇది ఉండాలి. మన లైసెన్సు ఇంగ్లీషులోనే ఉంది కదా అన్న వాదన కౌంటర్ దగ్గర ఒకరోజు నెగ్గినా, దారిలో పోలీసు దగ్గర నెగ్గదు. పరివాహన్ సారథి సైట్‌లో ఫారం 4ఏ పెట్టి, 1,000 రూపాయలు కట్టి, మన ఆర్టీఏ ఆఫీసులో తీసుకోవాలి. ఏడాది చెల్లుతుంది. ఇది లైసెన్సుకి అనువాదం లాంటిది, ఒంటరిగా పనికిరాదు, అసలు కార్డు వెంట ఉండాలి. డిజిలాకర్‌లో చూపిస్తే ఒప్పుకోరు. అమెరికాలో ఉండే తెలుగువాళ్ళయితే అక్కడి లైసెన్సు మీద ట్రిపుల్ ఏ (అక్కడి వాహనదారుల సంఘం) ఆఫీసులో పర్మిట్ తీసుకుంటారు.

రెండోది మన పేర్లు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. లైసెన్సు మీద దాన్ని ఒక్క పొడి అక్షరానికి కుదించి ఉంటారు. క్రెడిట్ కార్డు మీద చోటు చాలక మధ్య పేరు ఎగిరిపోయి ఉంటుంది. మనకి మూడూ ఒకరివే. ఇటలీలో కౌంటర్ వెనక కూర్చున్న మనిషికి మూడు వేర్వేరు పేర్లు. బుకింగ్ ఎప్పుడూ పాస్‌పోర్టులో ఉన్నట్టే చేయాలి. పర్మిట్‌కి దరఖాస్తు పెట్టే ముందే లైసెన్సులో పేరు విడదీసి పూర్తిగా రాయించుకుంటే, పర్మిట్ మీద కూడా అదే వస్తుంది. దీనికి సమయం పడుతుంది కాబట్టి వీసా పనులతో పాటే మొదలు పెట్టాలి. పేరే ముద్రించని కొత్త రకం కార్డులు వస్తున్నాయి, వాటిని కొన్ని సంస్థలు అసలు తీసుకోవు.

మూడోది, కార్డు ఎవరిది, ఏ రకం అన్నది. నడిపే మనిషి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. భర్త నడిపి, భార్య కార్డు ఇస్తే కుదరదు. డెబిట్ కార్డు, ఫారెక్స్ కార్డు చాలాచోట్ల డిపాజిట్‌కి తీసుకోరు. కార్డులో అంతర్జాతీయ వాడకం బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి, పిన్ నంబరు గుర్తుండాలి. ఓటీపీ కోసం ఇక్కడి సిమ్ రోమింగ్‌లో ఉండాలి.

నాలుగోది పరిమితి. కార్డు పరిమితి రెండు లక్షలు అనుకోండి. అప్పటికే పారిస్, ఇంటర్‌లాకెన్ హోటళ్ళకి లక్ష అయిపోయింది. కారు డిపాజిట్‌గా 1,500 యూరోలు, అంటే లక్షన్నర ఆపాలంటే కార్డు నిరాకరిస్తుంది. అప్పుడు మిగిలే దారి వాళ్ళ పూర్తి బీమాని అక్కడి ధరకే కొని డిపాజిట్ తగ్గించుకోవడం. ఒక కార్డుని హోటళ్ళకి వాడకుండా డిపాజిట్‌కే అట్టిపెట్టాలి. కార్డు మిషన్ "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కాలి. రూపాయలంటే వాళ్ళ సొంత మారకం రేటు వేస్తారు.

ఏ కారు

అక్కడ మామూలుగా ఇచ్చేది గేరు బండి. ఆటోమేటిక్ కావాలంటే విడిగా వెతకాలి, ధర ఎక్కువ, త్వరగా అయిపోతాయి. మన దగ్గర ఎడమ చేత్తో గేరు మార్చే అలవాటు, అక్కడ కుడి చేత్తో. కుడివైపు నడపడమే కొత్తయినప్పుడు దీన్ని కూడా నెత్తిన వేసుకోవడం ఎందుకు? ఆటోమేటిక్‌కి పెట్టే అదనపు డబ్బు దండగ కాదు.

డిక్కీ సంగతి మనవాళ్ళు మర్చిపోతారు. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ సైజు కారు డిక్కీ 380 లీటర్లు. మన 23 కిలోల పెద్ద సూట్‌కేసులు రెండు, ఒక చిన్న సంచి పడతాయి. నలుగురికి నాలుగు పెద్ద పెట్టెలుంటే వెనక పొడుగ్గా ఉండే ఎస్టేట్ రకం కావాలి. అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్తూ ఏడు సీట్ల బండి బుక్ చేస్తే, మూడో వరస సీట్లు ఎత్తగానే డిక్కీ పోతుంది. ఆరుగురికి తొమ్మిది సీట్ల వ్యానే సరైనది. అది రెండు మీటర్లకి దగ్గరగా ఎత్తు ఉంటుంది కాబట్టి నేల అడుగున ఉండే పార్కింగులకి పనికిరాకపోవచ్చు.

బండి తీసుకునే చోట కదలక ముందే చుట్టూ వీడియో తీయాలి. నాలుగు రిమ్ములు, ముందద్దం, పైకప్పు, బంపర్ కింది అంచు, లోపల ఇంధనం ముల్లు, కిలోమీటర్లు. వాళ్ళ కాగితంలో లేని గీత కనిపిస్తే లోపలికి వెళ్ళి రాయించి సంతకం తీసుకోవాలి. పదిహేను నిమిషాల పని. తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే, చూసి సరే అన్న కాగితం చేతికి వచ్చాకే కదలాలి.

రోడ్డు మీద

రాత్రంతా విమానంలో కూర్చుని దిగిన రోజున నడపకూడదు. మన దారిలో కారు తొమ్మిదో రోజున చేతికి వస్తుంది, ఆ లాభం కూడా ఉంది.

మనం కుడి సీట్లో కూర్చుని ఎడమ అంచుని చూస్తూ నడపడానికి అలవాటుపడ్డాం. ఎడమ సీట్లోకి మారగానే బండి తెలియకుండా కుడివైపుకి జరుగుతూ ఉంటుంది, ఎందుకంటే మన ఒంటికి ఇంకా వరసలో కుడి సగంలో కూర్చోవాలన్న గుర్తే ఉంది. కుడి వైపు రిమ్ములు రాతి అంచుకి గీసుకునేది, అద్దాలు గోడకి తగిలేది ఇందుకే. ఎడమ పక్కనున్న మధ్య గీత మనకి దగ్గరగా ఉండేలా చూసుకుంటే సరిపోతుంది. మన మారుతి, హ్యుందాయ్ కార్లలో ఇండికేటర్ కుడి చేతి దగ్గర, అక్కడ ఎడమ చేతి దగ్గర. మొదటి రోజంతా మలుపు తిరిగినప్పుడల్లా వైపర్లు ఆడతాయి. తప్పు వైపుకి వెళ్ళిపోయేది ఎక్కువగా రద్దీలో జరగదు. బంకులోంచో పార్కింగులోంచో ఖాళీ రోడ్డు మీదకి వచ్చేటప్పుడు జరుగుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళు ఆ క్షణంలో "కుడి" అని గట్టిగా చెప్పడం నిజంగా ఉపయోగపడుతుంది.

రౌండ్‌అబౌట్‌లో లోపల తిరుగుతున్నవాళ్ళకి దారివ్వాలి, వాళ్ళు ఎడమ నుంచి వస్తారు. హైవే మీద ఎడమ వరస దాటడానికే, దాటగానే కుడికి రావాలి. వేగం ఇటలీ, ఫ్రాన్స్, ఆస్ట్రియా హైవేల మీద 130, స్విట్జర్లాండ్‌లో 120, ఊళ్ళల్లో 50. ఫ్రాన్స్ పల్లెల్లో ఏ గుర్తూ లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవాళ్ళదే హక్కు, అది చిన్న సందు అయినా సరే.

ఇటలీలో టోల్‌గేటు దగ్గర ఎక్కేటప్పుడు చీటీ తీసుకుని, దిగేటప్పుడు కడతారు. పసుపు రంగులో టెలిపాస్ అని ఉన్న వరస మన ఫాస్టాగ్ లాంటిది, అద్దె కారుతో అందులోకి వెళ్ళొద్దు. స్విట్జర్లాండ్‌లో హైవే ఎక్కడానికి ముందే కొనే అనుమతి చీటీ, అంటే విన్యెట్, 40 ఫ్రాంకుల ఏడాదిది ఒక్కటే ఉంది, ఒక్క రోజుకైనా అదే కొనాలి. లేకుండా హైవే ఎక్కితే 200 ఫ్రాంకుల జరిమానా. ఆస్ట్రియాలో రోజుకి, పది రోజులకి దొరుకుతుంది. ఫ్రాన్స్‌లో పారిస్ నుంచి నార్మండీ వెళ్ళే హైవే మీద గేట్లే తీసేశారు. కెమెరా నంబరు చూస్తుంది, 72 గంటల్లో ఆన్‌లైన్‌లో మనమే కట్టాలి. గేటు కనిపించలేదని ఉచితం అనుకునేవాళ్ళకి నోటీసు వస్తుంది.

బంకులో పేర్లు తికమక పెడతాయి. ఇటలీలో బెంజీనా అంటే పెట్రోలు, గజోలియో అంటే డీజిలు. స్పెయిన్‌లో గసోలీనా పెట్రోలు, గసోలెయో డీజిలు, రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. పేరు చదవకుండా గుర్తు చూడటం మేలు. డీజిలుకి చతురస్రంలో బి7, పెట్రోలుకి వృత్తంలో ఇ5 లేదా ఇ10 అని ఉంటుంది, ట్యాంకు మూత లోపల కూడా అదే గుర్తు ఉంటుంది.

ఇక ఇటలీలో అన్నిటికంటే ఎక్కువగా పర్యాటకుల్ని పట్టేది జెడ్‌టీఎల్, అంటే బండ్లకి హద్దు పెట్టిన ప్రాంతం. పాత ఊరి మధ్య వీధుల్లోకి ఆ ఊరివాళ్ళ, అనుమతి ఉన్నవాళ్ళ బండ్లే వెళ్ళాలి. ఫ్లోరెన్స్, సియెనా, పీసా, రోమ్ అన్నింటిలోనూ ఉంది. ఎర్ర అంచు తెల్ల వృత్తం బోర్డు, పక్కన కెమెరా. గేటు ఉండదు, ఎవరూ ఆపరు. మీద వెలిగే బోర్డులో "వార్కో అత్తీవో" అని ఉంటే చాలామంది దారి తెరిచే ఉందనుకుని లోపలికి పోతారు. దాని అర్థం కెమెరా పని చేస్తోంది, రావద్దు అని. "నోన్ అత్తీవో" ఉంటేనే వెళ్ళాలి. ఫోన్‌లో మ్యాప్ ఈ వీధుల గుండానే దారి చూపించొచ్చు. హోటల్ లోపలి వైపు ఉంటే ముందే రాసి కారు నంబరు నమోదు చేయించుకోవాలి. లేకపోతే పాత ఊరి గోడ బయట పార్కింగులో పెట్టి నడవాలి. పార్కింగులో తెల్ల గీతలు ఉచితం, నీలం గీతలకి డబ్బు కట్టాలి, పసుపు స్థానికులవి.

కెమెరా ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్తే అన్ని జరిమానాలు. దారి తప్పి అదే వీధిలో మూడు చుట్లు తిరిగితే మూడు. ముందుగా అద్దె సంస్థ మన వివరాలు పోలీసులకి ఇచ్చినందుకు నోటీసుకి 30 నుంచి 50 యూరోలు కార్డు నుంచి తీసుకుంటుంది. అది జరిమానా కాదు. అసలు జరిమానా ఇంటికి వస్తుంది, విదేశీయులకి పంపడానికి వాళ్ళకి 360 రోజుల గడువుంది. అందుకే తీసుకున్న, ఇచ్చిన కాగితాలు, వీడియోలు ఏడాదికి పైగా దాచుకోవాలి. బుకింగ్‌లో ఇచ్చిన చిరునామా, ఈమెయిల్ సరైనవే అయి ఉండాలి. నోటీసు అందిన ఐదు రోజుల్లో కడితే 30 శాతం తగ్గుతుంది, దాని మీదే ఆన్‌లైన్‌లో కట్టే వివరం, నోటీసు నంబరు, కారు నంబరు ఉంటాయి. తేదీ, వేళ మన ప్రయాణంతో సరిపోతున్నాయో లేదో చూసుకుని వెంటనే కట్టేయడమే చవక.